కాంగ్రా కోట గారికి ఒక ఫిర్యాదు పత్రం

అయ్యా కోట గారూ,

హిమాచల్ ప్రదేశ్‌లో బాణగంగ, మాంఝీ నదులు కలిసే చోట కొండ అంచున దర్జాగా కూర్చుని, కనిపించిన ప్రతి రాజుకీ పిచ్చెక్కించారు తమరు. మీరు ఎవరి చేతిలో ఉంటే కొండలన్నీ వారివేనట. ఆ మాట నమ్మి ఎంతమంది మునిగిపోయారో లెక్క రాశారా?

కటోచ్ వంశపు సంసార్ చంద్‌నే చూడండి. మీరు మా తాతల ఆస్తి అంటూ, మొఘలుల తరఫు కిల్లేదారు (కోట అధికారి) సైఫ్ అలీ ఖాన్ నుంచి మిమ్మల్ని లాక్కోవడానికి కన్హయ్య మిసల్ అనే సిక్కు దళం సర్దారు జైసింగ్‌ను సాయం పిలిచాడు. 1783లో ఆ కిల్లేదారు చనిపోగానే సాయానికొచ్చిన జైసింగే మీకు యజమానైపోయాడు! మూడేళ్ళకు, మైదానంలో గెలిచిన భూములు వదులుకుని మిమ్మల్ని తెచ్చుకున్నాడు పాపం సంసార్ చంద్.

ఇక ఆయన్ని పట్టగలమా? పొరుగున ఉన్న మండీ రాజు ఈశ్వరీ సేన్‌ను నాదౌన్‌లో 12 ఏళ్ళు బందీగా పెట్టాడు. చంబా రాజు రాజ్ సింగ్ 1794లో నేర్తీ దగ్గర కాంగ్రా సేనతో పోరాడుతూ చనిపోయాడు. దర్బారులో పలకరింపు కూడా ‘లాహోర్ ప్రాప్తిరస్తు’ అన్న ధోరణిలో ఉండేదట. (ఇంత రభసలోనూ ఆయన పోషించిన చిత్రకారులు రాధాకృష్ణుల్ని ఎంత నింపాదిగా గీశారో! ఆ ఖాతాలో మాత్రం మీ మీద ఫిర్యాదు లేదు.)

చివరికి పక్కనే ఉన్న కహ్లూర్ (నేటి బిలాస్‌పూర్) రాజుకు ఒళ్ళు మండింది. ఇరుగుపొరుగు రాజులూ తోడయ్యారు. నేపాల్ గూర్ఖాలకు కబురెళ్ళింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు మా వైపు. మీ కొండల్లో పిట్టలే పిల్లికి ఆహ్వానపత్రిక పంపాయి. గూర్ఖా సేనాని అమర్ సింగ్ థాపా సట్లెజ్ నది దాటొచ్చి 1806లో మహల్ మోరీ దగ్గర సంసార్ చంద్‌ను ఓడించాడు. ఆయన పరిగెత్తుకొచ్చి మీ గోడల వెనక దాక్కున్నాడు. ముట్టడి 1809 దాకా సాగింది. బయట ఊళ్ళు పాడుబడ్డాయి, పొలాలు అడవులయ్యాయి. మీకేం, రాతి ఒళ్ళు!

అప్పుడైనా బుద్ధి రావాలా? మళ్ళీ ఇంకో పిల్లికి కబురు. లాహోర్ ఏలే సిక్కు మహారాజు రంజిత్ సింగ్ వచ్చాడు, గూర్ఖాలను సట్లెజ్ అవతలికి తరిమాడు, 1809 ఆగస్టులో ఫీజుగా మిమ్మల్నీ, మీ ఖర్చులకని 66 గ్రామాలనూ పట్టుకుపోయాడు. సంసార్ చంద్ కోరిక అలా తీరింది. ఆయన లాహోర్ వెళ్ళనక్కర్లేకుండా లాహోరే ఇంటికొచ్చింది.

1846లో ఇంగ్లీషువాళ్ళు సిక్కులతో చేసుకున్న సంధి కాగితం పట్టుకుని దిగారు. ఏ రాజూ పిలవకుండా, ఏ కాగితమూ చూపకుండా వచ్చి మిమ్మల్ని కూల్చింది 1905 ఏప్రిల్ 4 నాటి భూకంపం ఒక్కటే. అది మాత్రం మిమ్మల్ని ఉంచుకుంటానని అడగలేదు.

ఇట్లు,
కహ్లూర్‌కూ కాంగ్రాకూ ఏమీ కాని ఒక పాఠకుడు