సెట్ అయిపోద్దంట!

ఈ 'సెట్' అనే మాటతో నాకు విసుగొచ్చేసింది. కోవూరు దగ్గర మా పొలంలో పంపుసెట్ మొరాయించింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "సెట్ చేసేశానన్నా" అంటాడు. బాగుచేశాడా, ఈ పూటకి ఆడేట్టు చేశాడా, లేక మోటారు విప్పి షాపులో పెట్టుకున్నాడా? త్రీఫేజ్ కరెంటొచ్చి స్విచ్ వేస్తేగానీ తెలీదు. ఈలోపు నారుమడి నెర్రెలిస్తా ఉంటుంది. గట్టిగా అడిగితే "టెన్షన్ పడబాకన్నా, సెట్ అయిపోద్ది" అని ఫోన్ పెట్టేస్తాడు. ఏంది అయిపోయేది? ఎప్పుడు?

ఇంగ్లీషోళ్లదీ తక్కువ బాధ కాదులెండి. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగు పద్దు ఈ మాటదే, క్రియగానే 430కి పైగా అర్థాలు. కానీ వాళ్లకి వాక్యంలో ముందూ వెనకా చూస్తే సంగతి తెలుస్తుంది. మనం ముందూ వెనకా ఏమీ పెట్టం, ఒట్టి 'సెట్టు' ఒకటి పడేసి పోతాం.

పెళ్లిళ్లలో ఇంకా ఘోరం. "మీవాడు సెట్ అయ్యాడా?" అంటారు. ఉద్యోగమా, సంబంధమా, అమెరికానా? ఎంసెట్ రాసే పిల్లోడున్న ఇంట్లో అయితే ఇంకో తికమక. అది మన ఆంధ్రాలో 2021లో ఈఏపీసెట్ అయింది, అయినా సెట్టు మాత్రం వదల్లేదు.

బిల్లు చెప్పేటప్పుడు మాత్రం ఆ మెకానిక్ నోట సెట్టూ గిట్టూ ఉండదు. రూపాయల్లో తేటగా చెప్తాడు.