దయచేసి బొమ్మలను ముట్టుకోరాదు

తెలుగువారి బాల్యం ఎక్కడికి పోయిందని బెంగపడేవారికి శుభవార్త. అది ఎక్కడికీ పోలేదు. హాల్లో టీవీకి ఎడమపక్కన, ఆరడుగుల గాజు బీరువాలో, దీపాల వెలుగులో క్షేమంగా ఉంది. తాళంచెవి ఇంటి యజమాని జేబులో ఉంది.

ఈమధ్య కొత్తగా కట్టుకున్న ఇళ్లలో ఈ బీరువా లేనిదే గృహప్రవేశం పూర్తయినట్టు లెక్క కాదు. పాలు పొంగించడం, సత్యనారాయణ వ్రతం, ఆ తరువాత బీరువా దర్శనం. లోపల ఏముంటాయో మీకు తెలుసు. మీరూ ఎక్కడో ఒకచోట నిలబడి, ఆకలి దాచుకుని, "అబ్బ, ఎంత బాగున్నాయండీ" అనే ఉంటారు. పై అరలో కొండపల్లి దశావతారాలు. దాని కింద అంబారీ ఏనుగు. పక్కనే తాటిచెట్టు, చెట్టు మీద కల్లు గీసే మనిషి. మరో అరలో ఏటికొప్పాక లక్కపిడతలు, నిర్మల్ పళ్లబుట్ట. అన్నిటికన్నా అడుగున, వంగి చూస్తే, అల్లుడు పారిస్ నుంచి తెచ్చిన ఈఫిల్ టవరు.

ఇటీవల నాకు దర్శన భాగ్యం కలిగిన బీరువా స్మృతిమూర్తి గారిది. అసలు పేరు వేరే. కానీ ఆయనకు ఈ పేరే నప్పుతుంది. పైగా ఆయన ఒక్కరు కారు, కాలనీకి పాతికమంది ఉన్నారు.

స్మృతిమూర్తి గారు ముందు గొంతు సవరించుకున్నారు. తరువాత దీపాలు వేశారు. ఆ దీపాల్లో మూడు రకాల వెలుగులున్నాయట. మొదటిది మామూలు వెలుగు, రెండోది అతిథులు వచ్చినప్పటి వెలుగు. మూడోది నొక్కగానే బీరువా అంతా లేత పసుపురంగులోకి మారింది, ఆయన కళ్లు చెమర్చాయి. అది బాల్యపు వెలుగు. మిగిలిన రెండు వెలుగుల్లో ఆయనకు ఏమీ గుర్తుండదు కాబోలు.

"డెబ్బైల్లో మా బాల్యమంతా వీటితోనే గడిచిందండీ. ఈ కాలం పిల్లలకేం తెలుసు? పొద్దస్తమానం ఆ ఫోను తప్ప!"

ఈ కాలం పిల్ల అక్కడే ఉంది. నాలుగేళ్ల మనవరాలు. మ్యూజియంలో నిలబడినట్టు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గాజుకు ముక్కు ఆనించి చూస్తోంది. ముక్కు గాజుకు తగలగానే నానమ్మ వచ్చి మెత్తటి గుడ్డతో ఆ మచ్చ తుడిచింది. గాజు మీది మచ్చే సుమా, పిల్ల ముక్కు కాదు.

"తాతయ్యా, ఈ బొంగరం తిరుగుతుందా?"

"తిరగదమ్మా. అది వారసత్వం."

అప్పుడు చూశాను. లక్క బొంగరం ఒకటి చిన్న పీట మీద, తన కొస మీద తానే, ఒక్క పిసరు కూడా ఒరగకుండా నిలబడి ఉంది. తిరగని బొంగరం అలా నిలబడడం నేనెక్కడా చూడలేదు. ఆశ్చర్యపడ్డాను. స్మృతిమూర్తి గారు ఎంతో సంతోషించారు. "పడిపోతోందని జిగురు పెట్టి అంటించేశామండీ. నిటారుగా రావడానికి వడ్రంగి చేత లెవెలు కూడా చూపించాం" అన్నారు. యావజ్జీవ శిక్ష పడిన మనిషికైనా జైలు ఆవరణలో నాలుగడుగులు నడిచే వీలుంటుంది. ఆ బొంగరం ఏ నేరం చేసిందో అడగాలనిపించింది. భోజనాలు ఇంకా కాలేదని ఊరుకున్నాను.

ఆయన ఆగలేదు. పెరట్లో వేపచెట్టు, దాని కింద కొండపల్లి ఏనుగు, ఆ ఏనుగు మీద తానే మహారాజు. ఎద్దుల బండి, బండి నిండా గడ్డి, ఆ గడ్డి తానే పరిచాడట. చెప్పేకొద్దీ ఊరు పెరిగింది, పెరటి పక్కకు ఒక చెరువు వచ్చింది, చెరువులోకి తామరలు వచ్చాయి. హంసలు రాబోతున్నాయనగా సోఫాలో విస్తరాకులు లెక్కపెడుతున్న ఆయన అక్కయ్య తలెత్తింది.

"ఒరేయ్, మనింట్లో కొండపల్లి బొమ్మలెక్కడివిరా? నీకున్నది తాటిబుర్రల బండి ఒక్కటే. అదైనా నీదా? ఎదురింటి పిల్లవాడిది ఎత్తుకొచ్చావు. వాళ్ల నాన్న వచ్చి గొడవ చేస్తే మన నాన్న నిన్ను స్తంభానికి కట్టేశాడు."

"అక్కయ్యకు ఈమధ్య మతిమరుపు" అన్నారు స్మృతిమూర్తి గారు, దీపాలు ఆర్పేస్తూ.

అక్కయ్యకు మతిమరుపు లేదు. ఆ రోజు ఆ హాల్లో జ్ఞాపకశక్తి ఉన్నది ఆవిడ ఒక్కతెకే. కొండపల్లి బొమ్మలు ఉన్న ఇళ్లలోనైనా అవి ఏడాదిలో ఎక్కువ రోజులు అటక మీదే ఉండేవి. సంక్రాంతికో దసరాకో పెట్టె దిగేది. పాత చీర పీలికల్లోంచి బయటపడి మెట్ల మీద కొలువు తీరేవి. పేరంటాళ్లు వచ్చి చూసి, శనగలూ తాంబూలమూ పుచ్చుకుని వెళ్లేవారు. ఇంట్లో పిల్లవాడు చెయ్యి చాపితే వీపు మీద ఒక్కటి పడేది. మళ్లీ పీలికలు, మళ్లీ అటక. కాబట్టి వారసత్వం గురించి స్మృతిమూర్తి గారన్నది పూర్తిగా అబద్ధమని నేను అనను. ముట్టుకోరాదన్న ఆజ్ఞ నిజంగానే తరతరాలుగా వస్తోంది.

మరి ఆ తరం పిల్లలు ఆడుకున్నవి? రెండు తాటిబుర్రలకు ఒక పుల్ల గుచ్చి, దాన్ని పంగకర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగే బండి. పుల్లతో కొట్టుకుంటూ పోయే సైకిలు టైరు. అగ్గిపెట్టెలకు దారం కట్టిన టెలిఫోను. తిరునాళ్లలో కొన్న రేకు పడవ, లోపల వత్తి వెలిగిస్తే పళ్లెంలోని నీళ్లలో టపటపమంటూ తిరిగేది, కాసేపటికి చెయ్యి కాల్చేది. వీటిని దాచినవాడు లేడు. దాస్తే ఏ అరలో పెడతారు? టైరుకు దీపం పెడితే టైరే కనిపిస్తుంది, బాల్యం కనిపించదు. అందుకని స్మృతిమూర్తులు కొంచెం ఖరీదైన బాల్యాన్ని పదవీ విరమణ తరువాత కొనుక్కుంటున్నారు. అది వాళ్ల డబ్బు, నాకు అభ్యంతరం లేదు.

లక్కపిడతల దగ్గరే నాకు అభ్యంతరం.

లక్కపిడతలు కొలువు బొమ్మలు కావు. కుండ, మూత, గరిటె, రోలు, రోకలి, తిరగలి, అన్నీ అరచేతిలో పట్టేంత. అటుకులూ పుట్నాలపప్పూ బెల్లమూ వేసి పిల్లలు గుజ్జనగూళ్లు వండి, ఇంట్లో పెద్దవాళ్లందరికీ వడ్డించి, బాగుందని అనిపించుకునేదాకా వదలకపోవడానికే అవి పుట్టాయి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మధ్యలో కొంతకాలం రసాయన రంగులు వచ్చిపడ్డాయి. వాటిని తోసేసి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటివాటి నుంచి తీసే రంగులను మళ్లీ నిలబెట్టడానికి ఆ ఊళ్లో ఏళ్ల తరబడి శ్రమ జరిగింది. ఆ కృషికే 2023లో సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చింది.

ఇంత శ్రమ ఎందుకు? పసిపిల్ల ఆ గరిటెను నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి. పెట్టుకున్నా ఏమీ కాకూడదు కాబట్టి. ఆ గరిటె మీది రంగులోని ప్రతి అణువూ ఒక పసి నోటి కోసం ఎదురుచూస్తోంది. స్మృతిమూర్తి గారు దాన్ని గాజు వెనక పెట్టి తాళం వేసి, మనవరాలి చేతికి ప్లాస్టిక్ వంటసామాను ఇచ్చారు. ఆ పిల్ల ఆ ప్లాస్టిక్ గరిటెనే నోట్లో పెట్టుకుని బీరువాలోని గరిటెను చూస్తోంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నింద వేయడానికి వీల్లేదు. దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి చేశారు. నమోదైన చేతివృత్తులవారికీ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ అందులో మినహాయింపు ఇచ్చారు. కొండపల్లికి ఆ గుర్తింపు ఉంది, నిర్మల్‌కు ఉంది, ఏటికొప్పాకకు 2017లో వచ్చింది. 2021లోనే జాతీయ స్థాయిలో బొమ్మల ప్రదర్శన కూడా జరిగింది, ఆన్‌లైన్‌లో. కరోనా కాలం, వేరే దారి లేదు, ఒప్పుకుంటాను. అయినా గాజు తెర మీద బొమ్మలు చూపించి ముట్టుకోవడానికి వీల్లేకుండా చేయడంలో మన జాతికి ఎంత అనుభవముందో అప్పుడు లోకానికి తెలిసింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఏటికొప్పాక బొమ్మలు ఆంధ్రప్రదేశ్ శకటమెక్కి ఢిల్లీలో ఊరేగాయి, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి తెచ్చుకున్నాయి. సుంకం పెరిగింది, ముద్ర వచ్చింది, పద్మం వచ్చింది, శకటం కదిలింది. ఇక ఎవరైనా ఒక బొమ్మ కొని ఒక పిల్ల చేతికి ఇవ్వడమే మిగిలింది. ఆ ఒక్కటీ ఏ మంత్రిత్వ శాఖ పరిధిలోకీ రాదట.

కొనడమంటే గుర్తొచ్చింది. చేతివృత్తుల ప్రదర్శనకు స్మృతిమూర్తి గారు ఎలా వస్తారో చూశారా? కారు నిలపడానికి అడిగినంత ఇస్తారు. లోపల కాఫీకి అడిగినంత ఇస్తారు. కొండపల్లి బల్ల దగ్గరికి రాగానే ఆయనలో ఆర్థికవేత్త మేల్కొంటాడు. అంబారీ ఏనుగును చేతిలోకి తీసుకుని, బరువు చూసి, పెదవి విరిచి అంటారు: "చెక్కముక్కకు ఇంతా? సగానికి ఇస్తావా, లేదా?"

చెక్కముక్క! అయ్యా, ఆ చెక్కముక్క ఏమిటో చెబుతాను, కదలకుండా వినండి. అది తెల్లపొణికి. నెమ్మదిగా పెరిగే చెట్టు, రోజురోజుకూ దొరకడం కష్టమవుతున్న చెట్టు. కొట్టి తెచ్చిన కర్రలోంచి తేమంతా పోయేదాకా ఆరబెట్టాలి. తల వేరుగా, తొండం వేరుగా, కాళ్లు వేరుగా చెక్కాలి. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతకాలి. అతుకు కనిపించకుండా అరగదీయాలి, సున్నం పూయాలి, ఆరాక రంగు వేయాలి. మీరు బరువు చూసిన ఆ ఏనుగుకు కన్ను దిద్దింది బల్ల వెనక కూర్చున్న ఆవిడే కావచ్చు, మేకవెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి. ఆవిడను మీరు "నువ్వు" అంటున్నారు! బీరువా చేసిన వడ్రంగికి అడిగినంత ఇచ్చారు. గాజు బిగించినవాడికి ఇచ్చారు. మూడు రకాల వెలుగులకు ఎంత అయిందో వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నారు. ఆ బీరువాలో కూర్చోబోయే ఏనుగు దగ్గర మాత్రం మీకు ఇంటి బడ్జెట్టు గుర్తొచ్చింది. సిగ్గుగా లేదూ?

లేదు. ఎందుకంటే ఆవిడ కొడుకు ఆ పని వదిలేసి ఏ గోదాములోనో పెట్టెలు మోయడానికి వెళ్లాడని తెలియగానే మళ్లీ కన్నీళ్లు పెట్టేది మీరే. "అయ్యో, అంతరించిపోతున్న కళ" అని నలుగురికీ చెప్పేదీ మీరే. చెబుతున్నప్పుడు మీ గొంతులో దుఃఖం ఎంతో, మీ బీరువా విలువ పెరుగుతోందన్న తృప్తి అంతే. సగం ధరకు కొన్న ఏనుగు పక్కన నిలబడి కళ చనిపోతోందని ఏడవడానికి గుండె ధైర్యం కావాలి. అది మీకు దండిగా ఉంది.

క్షమించాలి, గొంతు పెరిగింది. ఇది వ్యాసం కనుక వ్యాసంలాగే ఒక నిర్మాణాత్మక సూచన చేస్తాను. బొమ్మల బీరువాల నియంత్రణకు ఒక చట్టం రావాలి. ముసాయిదా నేనే తయారుచేశాను. బీరువాకు లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవారు ఏటా ఒకరోజు తాళం తీసి, ఆరేళ్ల లోపు పిల్లలను ఆ బొమ్మలతో గంటసేపు వదిలేయాలి, పెద్దలు గది బయట నిలబడాలి. జిగురుతో అంటించిన బొంగరాలను వెంటనే విడుదల చేయాలి. ఏ బొమ్మ విరిగితే ఆ బొమ్మ చేసిన ఊరికి స్వయంగా వెళ్లి, చేసిన చేతులకే, చెప్పిన ధర చెల్లించి కొత్తది తెచ్చుకోవాలి. "మా రోజుల్లో" అని మొదలయ్యే ప్రతి వాక్యానికీ సుంకం దిగుమతి బొమ్మలతో సమానంగా, 70 శాతం. తనిఖీ అధికారులుగా ఆయా గృహస్థుల అక్కయ్యలను నియమించాలి. వాళ్ల సాక్ష్యాన్ని మతిమరుపు పేరుతో కొట్టేయడానికి వీల్లేదు.

ముసాయిదాను ముందుగా స్మృతిమూర్తి గారికే పంపించాను. శ్రద్ధగా చదివి, ఆలోచన గొప్పదని మెచ్చుకుని, ఒకే ఒక్క సవరణ కోరారు. గంటను అరగంట చేయమన్నారు. కుదరదన్నాను. పోనీ, నలభై అయిదు నిమిషాలకు ఇస్తారా అని అడుగుతున్నారు.