నేనడిగింది ఆ నాలా కాదు

(హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక ఊరు. చెరువు కట్ట కింద 12 ఎకరాల్లో 150 ప్లాట్ల వెంచర్ వేస్తామంటున్నారు. బండ్లబాట 40 అడుగుల రోడ్డు కావాలంటే బావ పొలం గట్టు కొంత పోవాలి. ఆయన సంతకం కోసం బామ్మర్ది వచ్చాడు. వెంచర్‌లో అతనికి కమీషన్ ఉందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎత్తరు.)

బామ్మర్ది: నాలా కూడా అయిపోయింది బావా. ఇంకేం అడ్డం?

బావ: ఏ నాలా?

బామ్మర్ది: అదే, వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చేది. ఫీజు కట్టారు, కాగితం వచ్చింది.

బావ: నేనడిగింది ఆ నాలా కాదు. చెరువు నిండాక అలుగు దూకిన నీళ్లు పోయే నాలా, అంటే కాలువ. ఆ 12 ఎకరాల నడుమ నుంచే కదా పోయేది? మీ బ్రోచర్‌లో అక్కడ పిల్లల పార్కు బొమ్మ ఉంది.

బామ్మర్ది: అలుగు పడి నాలుగేళ్లయింది. అందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

బావ: నాలుగేళ్లకే నీళ్లు దారి మర్చిపోతాయా? 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి కాలనీల మీద పడలేదూ?

బామ్మర్ది: అక్కడ తెగింది కట్ట. ఇక్కడ మనం మాట్లాడేది అలుగు. రెంటినీ కలిపి నన్ను భయపెట్టకు.

బావ: సరే, అలుగు గురించే చెప్పు. దాని పొడవు 40 గజాలు. మీరు వేసే పైపు ఎంత లావు?

బామ్మర్ది: అది ఇంజనీరు చూసుకుంటాడు.

(ఈ జవాబు వినని ఊరు ఉండదు.)

బామ్మర్ది: ఒక్క మాట చెప్పు బావా. నువ్వే పొలం కౌలుకిచ్చావు. మీ అబ్బాయి సిటీలో ఫ్లాట్ కొన్నాడు. అదీ ఒకప్పుడు ఎవరిదో వరి మడే. అక్కడ నువ్వు గృహప్రవేశం భోజనం చేసి వచ్చావు. ఇక్కడ 200 గజాలు కొనుక్కునేవాడికి మాత్రం ఇల్లు వద్దా?

బావ: (కాసేపు ఆగి) ఆ మాట నిజమే. ఇల్లు వద్దనలేదు. కానీ నీళ్ల లెక్క చూడు. 150 ఇళ్లు, ఇంటికి నలుగురు, 600 మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 81,000 లీటర్లు. ఎక్కణ్నుంచి తెస్తారు?

బామ్మర్ది: ముందు బోర్లు. తర్వాత మిషన్ భగీరథ కుళాయి నీళ్లొస్తాయి.

బావ: మీ బోర్ల పక్కనే నా బోరు. వాడిన నీళ్లు ఎటు పోతాయి?

బామ్మర్ది: సెప్టిక్ ట్యాంకులున్నాయి కదా.

బావ: వాటి కిందా మన బోర్లే.

బామ్మర్ది: నీకు అన్నీ అనుమానాలే. 10 శాతం ఖాళీ స్థలం పంచాయతీకి రాసిస్తారు. రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు ప్రభుత్వం దగ్గర తాకట్టులో ఉంటాయి. ఎగ్గొట్టి ఎక్కడికి పోతారు?

బావ: మరి రెరా, అదే రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే సంస్థ, నంబరు ఇవ్వకుండానే టోకెన్ అడ్వాన్సులు ఎందుకు తీసుకుంటున్నావు? వెంచర్ స్థలం 500 చదరపు మీటర్లు దాటితే అక్కడ రిజిస్ట్రేషన్ కావాలి కదా. అది లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు.

బామ్మర్ది: అవి... తెలిసినవాళ్ల దగ్గరే.

బావ: వాళ్లే రేపు నీ ఇంటికి వస్తారు. కంపెనీ ఇంటికి కాదు.

(అక్క చాయ్ తెచ్చి పెట్టింది. ఆవిడ ఎవరి వైపో ఈ చర్చలో తేలదు.)

బామ్మర్ది: సంతకం పెడతావా, పెట్టవా? గట్టుకు మంచి ధర ఇస్తామంటున్నారు.

బావ: పెడతాను. ముందు రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లను పిలిపించు. పాత గ్రామ నక్షా ప్రకారం నాలా కొలిచి రెండు వైపులా రాళ్లు పాతనీ. 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకైనా అంచు నుంచి 2 మీటర్లు వదలాలి కదా.

బామ్మర్ది: అలా కొలిస్తే ఎన్ని ప్లాట్లు పోతాయో తెలుసా?

బావ: తెలీదు. నువ్వే చెప్పు.

బామ్మర్ది: పదకొండు.

బావ: అంటే, ఎప్పుడో కొలిచేశారన్నమాట.