నెట్ స్పీడు కాదు, ఆలస్యమే అసలు గొడవ

హన్మకొండ, కరీంనగర్ భజన బృందాలు ఆన్‌లైన్‌లో కలిసి పాడాలంటే 100 ఎంబీపీఎస్ నెట్ కావాలని ఒక వ్యాసంలో రాశారు. అంత అక్కర్లేదండి, ఆన్‌లైన్‌లో కలిసి వాయించే సాఫ్ట్‌వేర్ జామ్యులస్‌కు మనిషికి 2 ఎంబీపీఎస్ చాలు. తాళం చెడగొట్టేది శబ్దం అవతలివాళ్లకు చేరడంలో ఆలస్యం. అది 50 మిల్లీసెకన్లు దాటిందా, డోలక్ వాళ్లు హార్మోనియం కోసం ఆగుతరు, హార్మోనియం వాళ్లు డోలక్ కోసం. లయ అట్లా జారుతూనే ఉంటది. వైఫై వద్దే వద్దు, రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగండి. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లే 100 మిల్లీసెకన్లు తినేస్తయి, వైరువే పెట్టండి. విండోస్‌లో ఏసియో డ్రైవర్ (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో పంపే సాఫ్ట్‌వేర్) వేసి బఫర్, అంటే ఒక్కోసారి పంపే శబ్దం ముక్క, 128 శాంపిల్స్ పెట్టండి; శబ్దంలో చిటపటలొస్తే 256. అందరి శబ్దాన్ని కలిపి తిరిగి పంపే సర్వర్ దగ్గర్లోది చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం: మీ వాద్యాన్ని నేరుగా వినకుండా, సర్వర్ నుంచి తిరిగొచ్చిన శబ్దాన్నే వింటూ వాయించండి.