సోమలింగానికి గ్యాసా, కరెంటా?

ఈ పుష్యమాసంలో విశాఖపట్నం గడ్డుకాలాన్ని ఎదుర్కొంటోంది. రాత్రిపూట ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు పడిపోయింది. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడిచేవాళ్లు మంకీ క్యాపులు బిగించారు. ఆటోవాళ్లు చెవులకు మఫ్లర్లు చుట్టారు. మా ఎంవీపీ కాలనీ ఇడ్లీ బండి దగ్గర ఇద్దరు పెద్దమనుషులు ఇంతటి చలి తమ చిన్నతనంలో కూడా ఎరగమని ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నారు. సరిగ్గా ఇలాంటి సమయంలో మా బావగారు తమ క్యాంపర్ వ్యానులో, అంటే పడకా పొయ్యీ ఉండే తిరుగుడు ఇంట్లో, వెచ్చదనాన్ని గ్యాసుతో పుట్టించాలా, గ్యాసూ కరెంటూ కలిపి పుట్టించాలా అనే ప్రశ్న లేవనెత్తి కుటుంబాన్ని నిలువునా చీల్చారు.

వ్యాను ఇంకా లేదు. గాజువాక ఆటోనగర్ షెడ్డులో సీట్లు పీకేసిన పాత టెంపో ట్రావెలర్ ఒకటి ఉంది. అందులో పడక లేదు, పొయ్యి లేదు, నీళ్ల ట్యాంకు లేదు. వాహనం స్వరూపం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి కావాలి, అదీ లేదు. ఉన్నదల్లా హీటరు మీద వివాదం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మేం వాళ్లకంటే ఒక మెట్టు ఎక్కాం. పేరు మీద మాకు పేచీ లేదు, సోమలింగం గ్యాసు తాగుతాడా కరెంటు తాగుతాడా అన్న చోట పంచాయతీ నడుస్తోంది.

అసలు విశాఖలో హీటరెందుకని మా అక్కయ్య ఒకసారి అడిగింది. ఆ రోజు నుంచి ఆమెను చర్చలకు పిలవడం మానేశారు.

ఈ అగ్గి రాజేసినవాడు బ్రిటన్‌లోని లీడ్స్‌లో ఉంటున్న మా మేనల్లుడు. అక్కడ వాడికి వ్యాను ఉంది, చలి కూడా ఉంది. వాడు చెప్పిన ప్రకారం యంత్రం ఒక్కటే. సీటు కింద ఇమిడిపోతుంది. వ్యానులోకి వేడిగాలి ఊదుతుంది, పది లీటర్ల నీళ్లు కాస్తుంది. గ్యాసు మీద నాలుగు కిలోవాట్ల వేడి ఇస్తుంది. కొన్ని వందల పౌండ్లు ఎక్కువ పోసి రెండో రకం కొంటే అందులో కరెంటు కడ్డీలు కూడా ఉంటాయి. అవి 900 వాట్ల మీదో, 1800 వాట్ల మీదో నడుస్తాయి. గడ్డకట్టే చలిలో రెంటినీ కలిపి కూడా నడపవచ్చు. అంటే సంకీర్ణ ప్రభుత్వమన్నమాట. నీళ్లు గడ్డకట్టి యంత్రం పగలకుండా, మూడు డిగ్రీల దగ్గర తనంతట తాను తెరుచుకుని నీళ్లన్నీ బయటికి వదిలేసే కవాటం కూడా ఒకటుంటుంది. విశాఖలో ఆ కవాటం జీవితాంతం ధ్యానంలోనే ఉండిపోతుంది.

అక్కడివాళ్లకు కరెంటు మీద అంత మోజెందుకో వాడే చెప్పాడు. బ్రిటన్ క్యాంపు స్థలాల్లో బండి పక్కనే కరెంటు స్తంభం ఉంటుంది, తాడులాంటి కేబులు తెచ్చి అందులో పెడితే 230 వోల్టులు వస్తాయి. చాలా చోట్ల ఆ కరెంటు ఖర్చు రాత్రి అద్దెలోనే కలిసి ఉంటుంది. ఇంకేం, రాత్రంతా కడ్డీలు ఎర్రగా కాలుతుంటే సొంత సిలిండరులో గ్యాసు చెక్కుచెదరదు. ముందే డబ్బు తీసుకుని ఇచ్చేదాన్ని ఉచితం అనుకోవడానికి మనుషులు తెలుగువాళ్లే అయి ఉండనక్కరలేదని నాకు అప్పుడు తెలిసింది. అయితే అక్కడా తంటాలున్నాయి. 1800 వాట్లంటే ఎనిమిది ఆంపియర్లు. ఫ్రాన్సులో కొన్ని చోట్ల ఆరు ఆంపియర్లే ఇస్తారు. బ్రిటన్‌లో పదహారు ఇచ్చినా, హీటరు నడుస్తుండగా మూడు కిలోవాట్ల కెటిల్‌లో టీకి నీళ్లు పెడితే ఫ్యూజు ఎగిరి, చలి, చీకటి, పచ్చి నీళ్లు మూడూ ఒకేసారి దక్కుతాయి.

మా బావగారు ఉద్యోగమంతా ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య గడిపిన మనిషి. తీగ లేని వస్తువు మీద ఆయనకు గౌరవం లేదు. కాబట్టి ఆయన సంకీర్ణం. నేను గ్యాసు పక్షం. నాకు సిద్ధాంతాలు లేవు, హుద్‌హుద్ ఉంది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఊరి మీద పడ్డాక మా ఇంట్లో రోజుల తరబడి పనిచేసిన ఏకైక యంత్రం గ్యాసు పొయ్యి.

"ఆ పొయ్యి మీద మూడు పూటలా ఉప్మా తిన్నావు. దాన్ని పనిచేయడం అంటావా?" అన్నారు బావగారు.

నిజానికి ఈ వివాదానికి విశాఖకంటే తగిన వేదిక దేశంలో దొరకదు. గ్యాసంటారా, ఓడరేవు దగ్గర నేల అడుగున రాతిని తొలిచి 60,000 టన్నుల ఎల్పీజీ పట్టే గుహ కట్టారు. కరెంటంటారా, పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2000 మెగావాట్లు. రెండు పక్షాలకూ ఇంత బలగం ఉన్న ఊళ్లో ఒక్క చలి మాత్రమే కరువు.

లెక్కల దగ్గర మాత్రం బావగారు దెబ్బతిన్నారు. స్తంభం లేని చోట కడ్డీలను బ్యాటరీ మీద నడుపుదామన్నది ఆయన ఆలోచన. కాగితం తీశాం. 12 వోల్టులు, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. గుణిస్తే 1200 వాట్-అవర్లు, మన కరెంటు బిల్లు భాషలో 1.2 యూనిట్లు. 1800 వాట్ల కడ్డీలు దాన్ని నలభై నిమిషాల్లో నాకేస్తాయి. ఇన్వర్టరు తినే వాటా ఇందులో కలపలేదు. లెడ్ బ్యాటరీని సగానికి మించి పిండకూడదు గనక నిజంగా దక్కేది ఇరవై నిమిషాలు. ఇక గ్యాసు. కిలో ఎల్పీజీలో దాదాపు 13 యూనిట్ల వేడి ఉంటుంది. అంటే పాతిక ముప్పై కిలోల బ్యాటరీ మొత్తం కలిపినా వంద గ్రాముల గ్యాసుకు సరిపోలేదు. బావగారు కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూశారు. వెనక వైపు కిరాణా జాబితా ఉంది.

"గ్యాసు హీటరుకు మాత్రం ఫ్యాను ఏమిటితో తిరుగుతుంది?" అన్నారు చివరికి.

నిజమే. గాలి ఊదడానికీ, నిప్పు అంటించడానికీ పన్నెండు వోల్టుల కరెంటు కావాలి. గ్యాసు పక్షానికి కూడా లోపాయికారీ పొత్తు ఉందని ఆ రోజు బయటపడింది. నేను రెండు రోజులు తలెత్తుకోలేదు.

పైగా గ్యాసులోనూ కులభేదాలున్నాయి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. బ్యూటేన్ సున్నా దగ్గరే చేతులెత్తేస్తుంది. అందుకే బ్రిటన్‌లో చలికాలం ఎర్ర సిలిండరు కొంటారు, అది ప్రొపేన్. నీలం సిలిండరు బ్యూటేన్. మన దగ్గర ఎరుపు వంటింటిది, నీలం హోటలుది, లోపల రెండిట్లోనూ ఆ రెండు వాయువుల మిశ్రమమే. ఇంటి ఎర్ర సిలిండరును వ్యాను హీటరుకు తగిలించడం నిబంధనలకు విరుద్ధం కూడా. మేనల్లుడు ఎరుపే తీసుకోండి అని నొక్కి చెప్పినప్పుడు వాడు తండ్రిని ఏ నేరానికి పురికొల్పుతున్నాడో వాడికి తెలియదు.

ఒక్క మాట మాత్రం హాస్యం పక్కన పెట్టి చెప్పాలి. ఆ గ్యాసు హీటర్లు మంటకు కావలసిన గాలిని బయటి నుంచి పీల్చి, పొగను బయటికే వదులుతాయి. అయినా బ్రిటన్‌వాళ్లు వ్యానులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం పెట్టుకుంటారు. మనవాళ్లు కొందరు అద్దాలన్నీ బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటారు. కుంపటి వదిలే ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. పడుకున్నవాళ్లకు తెల్లవారదు.

క్షేత్ర పరిశీలన లేకుండా తీర్పు చెల్లదని మేం అద్దె కారులో లంబసింగి వెళ్లాం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే వెయ్యి మీటర్ల ఎత్తు. జనం ఆంధ్రా కశ్మీర్ అంటారు. ఊరికి మరో పేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా కొయ్యబారిపోతారని దాని అర్థమట. అక్కడ చలి నిజమైన చలి, సున్నా దగ్గరికి దిగుతుంది. ఇక్కడ హీటరుకు పని ఉంటుందని నా గ్యాసు మనసు కూడా ఒప్పుకుంది.

బావగారు కారు దిగుతూనే స్తంభం కోసం వెతికారు. చాలా స్తంభాలు కనిపించాయి, అన్నీ ఊరివి. చివరికి టీ కొట్టు ఆవిడను అడిగారు.

"అమ్మా, ఇక్కడ పదహారు ఆంపియర్ల ప్లగ్గు ఎక్కడుంటుంది?"

"ఫోను చార్జింగా బాబూ? ఇదిగో, ఇక్కడ పెట్టుకోండి, ఇరవై రూపాయలు. ఒకటే పెట్టండి, రెండు పెడితే మా బల్బు పోతుంది."

ఆ బల్బు వెలుగులో బావగారి సంకీర్ణం కూలిపోయింది. నా విజయం కూడా ఎక్కువసేపు నిలవలేదు. ఆవిడ కొట్టు ముందు నెగడు వేసి ఉంది. ఇంజనీరింగ్ అభిప్రాయ భేదాలున్న ఇద్దరు మగవాళ్లం దాని చుట్టూ చేతులు చాపి, ఒకే కంబళి కప్పుకుని, గ్లాసు టీ పది రూపాయల చొప్పున మూడేసి తాగాం. వీపు మాత్రం చల్లగా ఉందని బావగారు నెగడు వైపు వీపు తిప్పారు. కాసేపటికి వీపు కాలిందని మళ్లీ తిరిగారు. వేడి ఎక్కువైతే ఆపి, తగ్గితే మళ్లీ వేసే థర్మోస్టాట్ అంటే ఇదేనని ఆయనకు చెప్పాలనిపించి ఊరుకున్నాను.

"ఇది ఏ కట్టె అమ్మా?"

"సిల్వర్ ఓకు కొమ్మలు బాబూ."

ఆయన పుస్తకం తీసి రాసుకున్నారు. అంతలో లీడ్స్ నుంచి సందేశం వచ్చింది. "నాన్నగారూ, స్తంభాలు లేని చోటైతే డీజిల్ హీటరు మేలు, బండి ట్యాంకు నుంచే తాగుతుంది. ముందే చెప్పాల్సింది." మేం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దిగివచ్చేసరికి పదకొండయింది. నర్సీపట్నం దాటగానే ఎండ అద్దాల్లోంచి దూరింది. అనకాపల్లి వచ్చేలోపు బావగారు మఫ్లరు తీశారు, స్వెట్టరు విప్పారు, డ్రైవరును ఏసీ వేయమన్నారు. చల్లగాలి మొహానికి తగలగానే ఆయన కళ్లు సన్నగా మూసి ఏదో లెక్క కట్టడం నాకు అద్దంలో కనిపించింది.

"ఏమోయ్, మన వ్యానులో ఏసీ ఇంజను మీద నడపాలా, బ్యాటరీ మీదా?"

వెనక సీట్లో అక్కయ్య నిద్ర నటించింది.