మబ్బులో నీళ్లు, ముంతలో నీళ్లు

పాథాలజీ ల్యాబుకు, నమూనాలూ ఫలితాలూ నమోదుచేస్తూ ఎక్కడో దూరపు సర్వర్ల మీద ఇంటర్నెట్టు ద్వారా నడిచే క్లౌడ్ సాఫ్ట్‌వేరును ఎంపిక చేయడం ఎంత గంభీరమైన శాస్త్రమో లోకం ఇంకా గుర్తించలేదు. మా ల్యాబులో ఆ పనికోసం ఏర్పడిన సంఘంలో నేనూ సభ్యుణ్ణి కనుక, మేము పాటించిన సూత్రాలను గ్రంథస్థం చేయడం నా బాధ్యతగా భావిస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఏమిటంటే, ట్యూబు మీద బార్‌కోడు అంటించే మనిషిని, కణజాలాన్ని కోసి కాసెట్ అనే చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టే మనిషిని, రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఫలితాలు విడుదల చేసే మనిషిని సంఘం దరిదాపులకు రానీయకూడదు. వాళ్లకు పని తెలుసు. పని తెలిసినవాళ్లు ప్రశ్నలు అడుగుతారు, ప్రశ్నలు మొదలైతే ఎంపిక ఒక పట్టాన తెమలదు.

మేము డెమో చూసి నిర్ణయించాము. డెమో లోకం ఎంత చల్లని లోకమో చూసినవారికే తెలుస్తుంది. అక్కడ రోగులందరూ ఆరోగ్యవంతులే. రక్తం ట్యూబులో గడ్డకట్టదు, ఎర్రకణాలు పగిలి పొటాషియం దొంగలెక్కగా పెరగదు, ఒకే పేరూ ఒకే పుట్టినతేదీ ఉన్న ఇద్దరు మనుషులు ఒకే రోజున రారు. బయాప్సీ అంటే ఒక డబ్బా, ఒక ముక్క, ఒక స్లైడు, ఒక వాక్యం. ఈ ప్రశాంతతను మా పాథాలజిస్టు ఒకరు భంగం చేశారు. ప్రొస్టేట్ నుంచి సాధారణంగా పన్నెండు ముక్కలు తీస్తారని, అవి వేర్వేరు డబ్బాల్లో వస్తే పన్నెండు భాగాలవుతాయని, ఒక్కో భాగానికి ఒక బ్లాకు (ముక్కను పొదిగిన మైనపు దిమ్మ), ఒక్కో బ్లాకుకు రెండు మూడు స్లైడ్లు, అనుమానం ఉన్నచోట ఇంకా లోతుకు కోయించిన స్లైడ్లు, వాటిమీద ఫలానా ప్రోటీన్లను పట్టి చూపే ఇమ్యునో రంగులు ఉంటాయని, ఈ వంశవృక్షమంతా తెర మీద ఎక్కడ నిలుస్తుందని ఆయన అడిగారు. కంపెనీ ప్రతినిధి ఏమాత్రం తడబడలేదు. ‘రిమార్కులు’ అనే గడి ఎంత పొడవైనా సాగుతుందని చూపించాడు. సంతకమైన రిపోర్టును తరువాత సవరిస్తే మొదటి రిపోర్టు ఏమవుతుందని కూడా ఆయన అడగబోయారు గాని, పాత తప్పును భద్రపరచుకోవాలనే కోరిక ఆరోగ్యకరం కాదని సంఘం ఏకగ్రీవంగా భావించింది.

నమూనాలను పరీక్షించే యంత్రాల, అంటే అనలైజర్ల సంగతి ఇంకా రసవత్తరం. మా దగ్గరి పాత యంత్రాలు కొన్ని ఇప్పటికీ సీరియల్ పోర్టు ద్వారా, ఏఎస్‌టీఎం అనే పాత పద్ధతిలో మాట్లాడతాయి. కొత్తవి కొన్ని హెచ్‌ఎల్ 7 అనే మరో పద్ధతిలో మాట్లాడతాయి. అన్నిటికీ అనుసంధానం ఉందా అని అడిగితే ‘ఉంది’ అన్నారు. సాఫ్ట్‌వేరు భాషలో ‘ఉంది’ అన్నది వర్తమానకాల క్రియ కాదనీ, ‘మీరు డబ్బు కట్టాక రాయడం మొదలుపెడతాం’ అనే భవిష్యత్కాలానికి గౌరవవాచకమనీ మాకు ఆలస్యంగా బోధపడింది. పైగా ఎక్కడో ఉన్న క్లౌడు నేరుగా మా బల్ల మీది సీరియల్ తీగను చూడలేదు కనుక, మధ్యవర్తిగా ఒక చిన్న కంప్యూటరును బల్ల కిందనే పెట్టాలట. ఆకాశమంత వ్యవస్థ ఆ బుల్లిపెట్టె మీద ఆధారపడి ఉంటుంది. నేల తుడిచేవారు ప్లగ్గు పీకినప్పుడల్లా ఆ వ్యవస్థ భూమికి దిగివస్తుంది.

అందుబాటు 99.9 శాతమని ఒప్పందంలో చదివి మేము చప్పట్లు కొట్టాము. లెక్క వేస్తే ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాలు పనిచేయకపోయినా మాట తప్పినట్టు కాదు. ముందే చెప్పి ఆపిన సమయం ఆ లెక్కలోకి రాదు. మా ఇంటర్నెట్టు పోవడం అసలే రాదు. స్లైడ్ల స్కానింగుకు నిల్వ అపరిమితమని కూడా ఉంది. 15 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న కణజాలాన్ని పిక్సెల్‌కు 0.25 మైక్రాన్ల చొప్పున స్కాన్ చేస్తే 360 కోట్ల పిక్సెళ్లు వస్తాయి, కుదించకపోతే ఒక్క స్లైడే 10 గిగాబైట్లు దాటుతుంది. అపరిమితం అనే మాటకు పరిమితిని కింద చిన్న అక్షరాలలో ముద్రించారు. ఆ అక్షరాలు చదవడానికి మైక్రోస్కోపు ఉన్న చోటనే ఇది జరగడం విశేషం.

భద్రత విషయంలో రాజీ పడలేదు. సమాచారమంతా గూఢలిపిలో ప్రయాణిస్తుంది. పాస్‌వర్డు మాత్రం మానిటరు అంచున కాగితం మీద, అందరికీ కనిపించే దస్తూరీలో ఉంటుంది. లాగిన్లు పెరిగితే చందా పెరుగుతుందని అందరికీ కలిపి ఒకటే తీసుకున్నాము. ఫలితాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో చూపే ఆడిట్ జాబితా ప్రకారం, మా ల్యాబులో ఒకే ఒక్క ఉద్యోగి నిద్రాహారాలు మాని ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తున్నాడు. అతనికి ఉత్తమ ఉద్యోగి పురస్కారం ఇవ్వాలనే ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

కొత్తది మొదలైన రోజునే పాత సర్వరును పీకించాము. మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్టని పెద్దలు ఏదో అన్నారు గాని, వారి కాలంలో క్లౌడ్ లేదు. పాత ఫలితాలన్నీ కొత్త వ్యవస్థలోకి చేరాయి, పీడీఎఫ్ బొమ్మల రూపంలో. రోగి కిందటి వారం పొటాషియంతో ఈరోజు పొటాషియాన్ని పోల్చి, తేడా అసహజంగా ఉంటే ట్యూబు మారిందేమో చూడమని హెచ్చరించే సదుపాయం ఆ బొమ్మలో ఉన్న అంకెను చదవలేదట. రేపు మేమే ఈ కంపెనీని వదిలి వెళ్లాలనుకుంటే మా సమాచారాన్ని ఏ రూపంలో, ఎన్ని రోజులలో, ఎంత రుసుముతో తిరిగి ఇస్తారని ఒప్పందం కుదుర్చుకునే వేళ మేమెవరమూ అడగలేదు. శుభమా అంటూ మొదలుపెడుతూ విడిపోయే మాట ఎత్తడం మర్యాద కాదు కదా.

ఒక రాత్రి ఇంటర్నెట్టు పోయింది. ఒప్పందం ప్రకారం క్లౌడు దివ్యంగా పనిచేస్తూనే ఉంది, మాకు కనిపించలేదు, అంతే. డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ సొరుగులోంచి గీతల నోటుపుస్తకం తీసి, నమూనా సంఖ్య, పరీక్ష, ఫలితం, సమయం వరసగా రాసుకుంటూ పోయింది. ప్రాణం మీదికి వచ్చే పొటాషియం ఒకటి కనిపిస్తే వార్డుకు ఫోను చేసి, విన్నవారిచేత అంకెను తిరిగి చెప్పించుకుని, వారి పేరు కూడా రాసింది. ఐఎస్‌ఓ 15189 అనే, వైద్య ల్యాబుల నాణ్యతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణపు 2022 కూర్పు, వ్యవస్థ ఆగిపోయినప్పుడు పని ఎలా సాగాలో ల్యాబు ముందే ఏర్పాటు చేసుకోవాలని, సాఫ్ట్‌వేరును బయటివారు నడిపినా బాధ్యత ల్యాబుదేనని చెబుతుంది. తనిఖీకి వచ్చినవారు ఆ ఏర్పాటు చూపమన్నప్పుడు మా దగ్గర చూపడానికి ఆ నోటుపుస్తకమే ఉంది. వారు పేజీలు తిప్పి, సంతృప్తికరమని రాసుకున్నారు.

సంఘం అత్యవసరంగా సమావేశమై ఆ పుస్తకాన్ని తన దూరదృష్టికి నిదర్శనంగా ప్రకటించింది. అట్ట మీద సభ్యులందరమూ సంతకాలు చేశాము. టెక్నీషియన్ పేరు రాయడానికి చోటు చాలలేదు.