మహారాజశ్రీ వేస్టు పైపు గారికి

వంటింటి సింకు అంచు మీద సన్నగా, తెల్లగా, చిటికెన వేలంత లావు కూడా లేకుండా వేలాడుతూ, నీళ్ళలోని లవణాలను వడకట్టే ఆర్వో మిషన్ వదిలేసిన నీళ్ళను పారబోసే మహారాజశ్రీ వేస్టు పైపు గారి సముఖమునకు, హైదరాబాదు వనస్థలిపురం మూడో అంతస్తు ఇల్లాలు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు, రాత్రి రెండు గంటలకు కూడా మీ గొంతు వినిపిస్తూనే ఉంది.

తమరు మా ఇంట్లో కాలుపెట్టి ఆరేళ్ళు. మిమ్మల్ని తెచ్చినాయన నాకు బాగా గుర్తు. మండుటెండలో టై కట్టుకుని వచ్చాడు. గ్లాసుతో నీళ్ళడిగితే పాపం దాహమేమోననుకుని, మజ్జిగ కలపమంటారా అన్నాను. తాగడానికి కాదట. ఒక గ్లాసులో మా నల్లా నీళ్ళు, ఇంకో గ్లాసులో తన సీసా నీళ్ళు పోసి, రెంటిలోనూ కరెంటు చువ్వలు ముంచాడు. నిమిషం తిరక్కుండా మా గ్లాసు గోధుమరంగుకి తిరిగి, పైన తెట్టు కట్టింది. ఆయన గ్లాసు మాత్రం పెళ్ళికొడుకు పంచెలా మెరుస్తోంది. "చూశారా మేడమ్, మీ పిల్లలు రోజూ తాగుతున్నది ఇదే" అన్నాడు. మా ఆయన పర్సు దానంతటదే తెరుచుకుంది.

ఆ మురికి నీళ్ళది కాదు, చువ్వలదని నాకు మొన్నీమధ్యే తెలిసింది. మా వాడు ఇంటర్ కెమిస్ట్రీ బట్టీ పడుతుంటే చెవిన పడింది. ఇనప చువ్వల గుండా కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పు తేలుతుంది. నీళ్ళలో లవణాలుంటేనే కరెంటు పారుతుంది. సీసా నీళ్ళలో అవి లేవు కాబట్టి అక్కడ చువ్వ చెక్కుచెదరలేదు. అంటే ఆ రోజు మేం 16 వేలు పోసి కొనుక్కున్నది తుప్పును చూసి పుట్టిన భయాన్ని. మీరు దానికి తోకలా వచ్చారు.

సరే, వచ్చినవారు ఊరుకున్నారా? పోయిన ఎండాకాలం ఒకనాడు పని లేక, మిషన్ కింద లీటరు సీసా, మీ కింద ఒక గిన్నె పెట్టి చూశాను. సీసా నిండేసరికి మీ గిన్నెలోకి మూడు లీటర్లు చేరాయి. తాగడానికి, అన్నానికి, పప్పుకి, టీలకి కలిపి నలుగురం రోజుకి 14 లీటర్లు వాడతాం. మీ వాటా 42. ఏడాదికి 15 వేల లీటర్ల పైమాట. 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు తెప్పించి, గేటు దగ్గరే మోరీలోకి వదిలేసినట్టు. మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు, ఇంటికొకరు మీ జ్ఞాతులు. ఏప్రిల్‌లో ట్యాంకర్ ఖర్చు మీద మీటింగు పెట్టుకున్నప్పుడు రెండు గంటలసేపు కేకలేసుకుని, చివరికి తప్పంతా కార్లు కడిగే వాచ్‌మన్ మీదికి నెట్టి టీలు తాగి లేచాం. ఆ టీలూ మీ మిషన్ నీళ్ళతోనే.

మీరు ఉమ్మేస్తున్న నీళ్ళ వంశం చెబుతాను, కాస్త వినండి. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచాక, విశ్వేశ్వరయ్యగారి సలహా మీద 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు ఈ ఊరు విడిచిపోరని ఇక్కడో సామెత. నిజంగానే ఎవరూ పోలేదు, పైగా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. దాంతో మంజీర చాల్లేదు, కృష్ణ కావాల్సి వచ్చింది. మా నల్లాలో పడేది నాగార్జునసాగర్ నీరు. కోదండాపూర్‌లో వడకట్టించుకుని, 100 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నడిచి, పంపుల పుణ్యాన 300 మీటర్ల ఎత్తు ఎక్కి, మా సంపులో దిగి, మోటరెక్కి ట్యాంకుకి చేరి, చివరికి మా వంటింటి గడప తొక్కుతుంది. తొక్కగానే దానిలో ముప్పాతిక భాగానికి మోరీ దారి చూపించేది తమరు. ఇంతటి ఆతిథ్యం పగవాళ్ళింట్లో కూడా దొరకదు.

మిమ్మల్ని ఇంట్లోంచి గెంటేద్దామని ఒకసారి నోరు జారాను. మా అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టి నావైపు చూసింది. ఆమెది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకరపోయిన మనుషుల మధ్య పెరిగింది. "గీ మిషన్ గప్పుడు మా ఊర్ల ఉంటే మా అన్న నడుము గట్ల వంగకపోతుండె" అంది. ఆ తర్వాత నేనేం మాట్లాడతాను? ఫ్లోరైడ్ ఉన్నచోట, బోరు నీళ్ళు ఉప్పుకషాయంలా ఉన్నచోట మీ యజమాని ప్రాణదాతే. ఆ పేరు చెప్పుకుని, ఆ అవసరం లేని వంటిళ్ళలో కూడా మీరు కాపురం పెట్టడమే నాకు మింగుడుపడనిది.

అవసరం ఉందో లేదో తేల్చడానికి 200 రూపాయల టీడీఎస్ మీటరు చాలు. పెన్నులా ఉంటుంది, నీళ్ళలో ముంచితే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల లవణాలున్నాయో లెక్క చెబుతుంది. మన ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో 500 దాకా మంచిది. మా నల్లాలో ముంచితే 260. బోరులో 1,100. ఇక తమరి నోటి కింద, నల్లా వచ్చిన రోజున, 340! "వేస్టు" అని మెడలో బోర్డు తగిలించుకుని మీరు పారబోస్తున్న నీళ్ళు కూడా, ఉప్పు లెక్కలో, 500కి లోబడే ఉన్నాయి. 500 కన్నా తక్కువ ఉన్నచోట ఆర్వోలు నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్ర పర్యావరణ శాఖకి చెప్పింది. ఆ కబురు మా వంటింటికి ఇంకా అందలేదు, మీ కబుర్లు మాత్రం రాత్రింబవళ్ళు అందుతున్నాయి.

ఆ మీటరుకి క్రిములు కనబడవు, అది వేరే సంగతి. వాటి కోసం నీళ్ళు మరిగించుకోవాలి, సంపు కడిగించుకోవాలి. మా సంపు ఎప్పుడు కడిగారని మీటింగులో అడిగితే అందరూ ఫోన్లు చూసుకున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో మీ మీద అమలవుతున్న చట్టం. నల్లా నీళ్ళ రోజుల్లో అన్నం, పప్పు నేరుగా నల్లా నీళ్ళతోనే. ఎలాగూ మరిగేవాటికి ముందుగా ఆర్వో స్నానం చేయించడం దేనికి? మాకు నలుగురికీ తాగడానికి మాత్రం, అత్తమ్మ తృప్తి కోసం, మీ మిషన్ నీళ్ళే. అది 5 లీటర్లతో తీరిపోతుంది. మీ వాటా 42 నుంచి 15కి పడిపోయింది. బోరు రోజుల్లో మళ్ళీ పాత కాపురమే, అది ఒప్పుకుంటాను.

ఆ 15 కూడా మోరీకి పోవడం లేదు. 40 రూపాయలకి రెండు మీటర్ల పైపు తెచ్చి తమరికి అతికించి, పాత పెయింటు బకెట్లోకి దారి మళ్ళించాం. పెత్తనం అత్తమ్మది. "ఇన్ని నీళ్ళు మోరీల పోతుంటే ఆరేండ్లు నీ కండ్లకు కనిపించలేదా బిడ్డా?" అని రోజుకొకసారైనా అంటుంది. ఇల్లు తుడవడం, ఎంగిలి గిన్నెలు మొదటిసారి తొలవడం, బాత్రూంలో ఫ్లష్‌కి బదులు ఒక బకెట్. అన్నీ ఆ నీళ్ళతోనే. ఎదురింటావిడ భూమిని కాపాడదామని 1,800 పెట్టి వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు తెప్పించుకుంది. వాళ్ళింట్లో స్ట్రాతో తాగేవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

మొక్కల విషయంలో మాత్రం మీరు నన్ను దెబ్బతీశారు. మే నెలలో బోరు నీళ్ళ రోజుల్లో కూడా మీ బకెట్టే కరివేపాకు కుండీలో కుమ్మరించాను. పది రోజులకి ఆకుల అంచులు మాడిపోయాయి. మీటరు పెడితే 1,400 దాటింది. కుండీలో నీరు ఆవిరై పోతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు కదా. అప్పట్నుంచి మొక్కలకి బియ్యం కడిగిన నీళ్ళు, ఏసీ పైపు నీళ్ళు. ఏసీది గాలిలోంచి దిగిన నీరు, ఉప్పు ఉండదు. కాకపోతే ఆయనా మీ బాపతే, అవసరానికి రాడు. ఏప్రిల్ పొడి ఎండల్లో చెంచాడు ఇస్తాడు. జులైలో చెట్లు వానకి తడిసి ముద్దయ్యాక బకెట్లు నింపుతాడు.

ఇంకో మాట. మిమ్మల్ని తెచ్చిన టై ఆయన నిన్న ఫోన్ చేశాడు. ఏడాది సర్వీసు కాంట్రాక్టు గడువు అయిపోయిందట, ఫిల్టర్లు మార్చకపోతే ప్రమాదమట. ఆదివారం రమ్మన్నాను, ఆ చువ్వలు మర్చిపోకుండా తెమ్మన్నాను. మా వాడు ఈసారి రెండు గ్లాసుల్లోనూ మీ మిషన్ నీళ్ళే పోస్తాడట. ఒకదాంట్లో చిటికెడు ఉప్పు వేస్తాడు. అత్తమ్మ ఉప్పుజాడీ ఇప్పుడే అలమరలోంచి దింపి పెట్టింది.

ఇంతే సంగతులు. చిత్తగించవలెను.